పన్ను పుస్తకానికి ఎక్కనివాళ్ళు

ఆరునెలల క్రితం మా ఇంటివారు అద్దె పెంచారు. కారణం అడిగితే, "పన్ను పెంచారు మాస్టారూ, నన్నేం చేయమంటారు?" అన్నారు. సరేనని పెంచిన అద్దె ఇస్తున్నాను. ఈమధ్య ఒక కార్యాలయంలో దరఖాస్తు పెట్టుకోబోతే ఇంటిపన్ను రసీదు జతచేయమన్నారు. వెళ్ళి ఆయన్నే అడిగాను. "పన్ను కట్టేది నేను గదండీ, రసీదులో ఉన్నది నా పేరు గదా, అది మీకెందుకు పనికొస్తుంది?" అన్నారాయన.

ఆయన్ను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. మంచివారే. కాని ఆ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక ప్రశ్న మిగులుతుంది. అద్దె పెంచేనాడు పన్ను నాది. రసీదు అడిగేనాడు పన్ను ఆయనది. ఇంతకూ పన్ను కట్టినవాడెవడు? ఇది నాకు పుట్టిన కొత్త ప్రశ్న కాదు. విక్టోరియా రాణి కాలంలో, అంటే 1837 నుంచి 1901 దాకా, ఇంగ్లండు పట్టణాలను పట్టి ఊపిన ప్రశ్న ఇది. అక్కడ దీనిమీద ఆధారపడింది ఒక దరఖాస్తు కాదు, లక్షలమంది ఓటు. పట్టణ పరిపాలన అనే మాట వినగానే మనకు పురపాలక భవనాలూ, గడియార స్తంభాలూ, మేయరు మెడలోని బంగారు గొలుసూ గుర్తుకు వస్తాయి. ఆ చరిత్ర అసలు రూపం చూడాలంటే వాటిని దాటి, వెనక గదిలో గుమాస్తా రాసుకునే పన్ను పుస్తకం తెరవాలి.

ఇంగ్లీషువారు స్థానికంగా వసూలుచేసే ఆస్తిపన్నును 'రేటు' అన్నారు. దాని పునాది 1601 నాటి పేదల చట్టం. ప్రతి పారిష్‌లోనూ, అంటే ఒక చర్చి పరిధిలోని ఊళ్ళో, పేదల పోషణకు కావలసిన సొమ్మును ఆ ఊరివాళ్ళ దగ్గరే వసూలు చేయాలని ఆ చట్టం చెప్పింది. వసూలు చేసే అధికారి పేరు ఓవర్సీరు. మనమెరిగిన రోడ్ల ఓవర్సీరు కాదు. జీతం బత్తెం లేకుండా, ఏడాదిపాటు, మేజిస్ట్రేట్లు నియమించగా ఈ పని నెత్తిన వేసుకున్న గృహస్థు. పన్నుపట్టీ తయారుచేసి, ఇద్దరు మేజిస్ట్రేట్లచేత సంతకాలు చేయించి, చర్చి తలుపుమీద నోటీసు అంటించేవాడు. తరవాత వచ్చిన రోడ్ల పన్ను, పట్టణ పన్ను, పారిశుద్ధ్యపు పన్ను అన్నీ చాలావరకు ఈ పేదల పన్ను మదింపు ఆధారంగానే నడిచాయి. కాబట్టి ఓవర్సీరు పట్టీలో పడిన అంకె ఊరి మొత్తానికి అంకె.

ఇక్కడ ముఖ్యంగా గమనించవలసిన విషయం ఒకటుంది. ఈ పన్ను ఇల్లు ఉన్నవాడిమీద కాదు, ఇంట్లో ఉన్నవాడిమీద. చట్టం దృష్టిలో పన్నుదారు యజమాని కాడు, అనుభవదారు. ఇల్లు ఖాళీగా ఉంటే పన్ను లేదు. పట్టణం నడిబొడ్డున స్థలం బీడుపెట్టి, ధర పెరిగేదాకా కాచుకు కూర్చున్న ఆసామికి పన్ను లేదు. ఆ స్థలం పక్కన ఒంటిగదిలో నలుగురు పిల్లలతో కాపురముంటున్న నేతపనివాడికి ఉన్నది.

ఎంత పన్ను వేయాలి? 1836 నాటి పారిష్ మదింపు చట్టం దీనికొక సూత్రం చెప్పింది. ఆ ఇంటిని ఏడాదికి బాడుగకిస్తే న్యాయంగా ఎంత వస్తుందో ఊహించాలి. అందులోనుంచి మరమ్మతుల ఖర్చు, భీమా ఖర్చు వగైరా తీసివేయాలి. మిగిలినది పన్ను వేయదగ్గ విలువ. ఆ విలువలో పౌనుకు ఇన్ని షిల్లింగులని పన్ను. ఒక ఉదాహరణ చెప్పుకుందాం. ఒక ఇంటి విలువ ఏడాదికి 10 పౌన్లని తేల్చారనుకోండి. ఆ యేడు పౌనుకు 3 షిల్లింగులు పన్ను వేశారనుకోండి. ఇంటిమీద 30 షిల్లింగులు పడుతుంది. వారానికి 20 షిల్లింగులు తెచ్చుకునే కూలివాడికి అది వారంన్నర రెక్కల కష్టం.

సూత్రం చూడబోతే అందరికీ ఒకటే. కాని ఊహించవలసిన అద్దెదారుణ్ణి ఎక్కడనుంచి తెస్తారు? కూలివాళ్ళ వీధిలో అద్దె ఎంతో అందరికీ తెలుసు. వారం వారం వసూలవుతున్నదే. దాన్ని దాచడానికి వీల్లేదు. ప్రభువుగారి వంద గదుల భవంతిని బాడుగకు తీసుకొనేవాడు దేశంలో ఎవడున్నాడు? ఎవడూ లేడు కాబట్టి దాని అద్దె విలువ స్వల్పమేనని వాదించేవారు. ఎంత పెద్ద భవనమైతే దానికి ఊహాజనితమైన అద్దెదారు అంత అరుదు, విలువ అంత తక్కువ! తర్కం చేతిలో ఉన్నవాడికి చట్టం ఎట్లా లొంగుతుందో దీన్నిబట్టి తెలుసుకోవచ్చు. పైగా మదింపు చేసే ఓవర్సీరు స్థానికుడు. తన దుకాణానికి సరుకు అరువిచ్చేవాడి ఆస్తినీ, తనకు ఇల్లు బాడుగకిచ్చినవాడి ఆస్తినీ ఖరీదు కట్టవలసినవాడు. 1862లో పేదల సంరక్షక మండళ్ళ కింద మదింపు సంఘాలు ఏర్పాటుచేసి ఓవర్సీర్ల పట్టీలను తనిఖీ చేయించే పద్ధతి పెట్టవలసి వచ్చింది. లండనులో అయిదేళ్ళకొకసారి మదింపు జరగాలని 1869లో మరొక చట్టం వచ్చింది. ఈ చట్టాలు వచ్చాయంటేనే అంతకుముందు ఏం జరుగుతుండేదో ఊహించుకోవచ్చు.

ఇక వసూలు. పన్ను కట్టనివాణ్ణి మేజిస్ట్రేటు ఎదుటికి పిలిపించేవారు. అప్పటికీ కట్టకపోతే జప్తు వారంటు. మంచమూ, కుర్చీలూ, పనిముట్లూ తీసుకుపోయి వేలం వేసేవారు. జప్తుకు సామాను కూడా లేనివాడికి జైలు ఉండనే ఉన్నది. డికెన్స్ 1836లో అచ్చువేసిన తొలి పుస్తకంలో 'మన పారిష్' అనే భాగం ఉన్నది. అందులో జప్తుచేసిన ఇంట్లో కాపలా కూర్చునే మనిషికి ఒక అధ్యాయమే కేటాయించాడు. అక్కడి జప్తు అద్దె బకాయిలకు. కాని అద్దెకైనా పన్నుకైనా పోయే మంచం ఒకటే. నేను సాహిత్యం చదువుకున్నవాణ్ణి కాబట్టి, ఆ కాలపు పట్టీలలోని 'బకాయి' అనే గడి వెనక ఏముంటుందో ఆ అధ్యాయం చదివాకే నాకు బోధపడిందని ఒప్పుకుంటాను.

మరీ బీదవాళ్ళకు పన్ను మాఫీ చేసే అధికారం మేజిస్ట్రేట్లకు ఉండేది. పైకి ఇది దయ. కాని పన్ను మాఫీ అయిన ఇంటికి యజమాని ఆ మేరకు అద్దె ఎక్కించగలిగేవాడు. దయ పేదవాడి పేరుమీద రాసివుంటుంది, డబ్బు యజమాని జేబులో పడుతుంది. పైగా మాఫీ పొందినవాడు పన్ను కట్టినవాడు కాడు. కాబట్టి పౌరుల లెక్కలో లేడు.

అసలు విషయానికి ఇప్పుడు వస్తున్నాం. 1832 నాటి సంస్కరణ చట్టం పట్టణాల్లో ఏడాదికి 10 పౌన్ల విలువగల ఇంట్లో ఉండే పురుషుడికి పార్లమెంటు ఓటు ఇచ్చింది. కాని ఏప్రిల్ 6కు ముందు పడిన పేదల పన్నూ ఇతర పన్నులూ జూలై 20 లోగా చెల్లించి ఉండాలని షరతు పెట్టింది. 1835లో పట్టణ సంస్థల చట్టం 178 పట్టణాల్లో పాత కుళ్ళు కార్పొరేషన్లను తీసివేసి, ఎన్నికైన కౌన్సిళ్ళను పెట్టింది. అందులోనూ ఓటు పన్నుదారుకే, అదీ రెండున్నరేళ్ళకు పైగా అక్కడే ఉండి క్రమంగా పన్ను కట్టినవాడికే. పని వెదుక్కుంటూ వీధి మారే కార్మికుడికి ఈ షరతు ఎంత దూరమో చెప్పనక్కరలేదు. దీనితో పన్ను పుస్తకమే ఓటర్ల పుస్తకమైపోయింది. పార్టీల మనుషులు వసూలు గుమాస్తాల చుట్టూ తిరగసాగారు. తమవాళ్ళ బకాయిలు గడువులోగా తామే కట్టి ఓట్లు నిలబెట్టుకొనేవారు. ఈ ఆచారం ఎంత ముదిరిందంటే, ఓటుకోసం ఇతరుల పన్ను కట్టడం లంచమేనని 1867 చట్టంలో ప్రత్యేకంగా ఒక సెక్షను రాయవలసి వచ్చింది.

చిన్న ఇళ్ళ దగ్గర ఒక్కొక్కరి వద్దా అణాపైసలు వసూలుచేయడం మునిసిపాలిటీలకు తలనొప్పి. వచ్చేదానికంటె తిరుగుడు ఖర్చు ఎక్కువ. అందుచేత యజమానితో ఒక బేరం కుదుర్చుకునేవారు. అతడు తన ఇళ్ళన్నిటి పన్నూ ఒక్కసారిగా కడతాడు. అందుకు ప్రతిఫలంగా కొంత తగ్గింపు. 1850 నాటి చిన్న ఇళ్ళ చట్టం 6 పౌన్లు మించని ఇళ్ళకు ఈ పద్ధతిని దేశమంతటా అందుబాటులోకి తెచ్చింది. తగ్గింపు నాలుగోవంతు, ఖాళీ ఇళ్ళకు కూడా కట్టేందుకు ఒప్పుకుంటే సగం దాకా. అద్దెలో పూర్తి పన్ను కలిపి వసూలు చేసుకున్న యజమానికి ఈ తగ్గింపు ఉత్త పుణ్యానికి మిగిలేది. ఇట్లాంటి ఇంట్లో అద్దెకున్నవాణ్ణి 'కాంపౌండు గృహస్థు' అన్నారు. మన ఆసుపత్రి కాంపౌండరుకూ ఇతడికీ సంబంధం లేదు. కాని ఇతడు కూడా ఒక మిశ్రమమే. పన్ను కట్టినవాడూ, కట్టనివాడూ కలిసిన మనిషి. వారం వారం పన్ను అద్దెలో ఇస్తాడు. పుస్తకంలో మాత్రం అతడి పేరుండదు. పేరులేదు కాబట్టి పార్లమెంటు ఓటు లేదు. పేరు ఎక్కించమని అర్జీ పెట్టుకోవచ్చునని చట్టం అన్నది గాని, యజమానికి కోపం తెప్పించి అర్జీ పెట్టేవాళ్ళు బహు తక్కువ.

1867లో డిజ్రేలీ రెండవ సంస్కరణ బిల్లు తెచ్చాడు. పట్టణాల్లో ప్రతి గృహస్థుకూ ఓటు అన్నాడు. కాని 'స్వయంగా పన్ను కట్టాలి' అని మెలిక పెట్టాడు. చూడడానికి అందరికీ ఓటు. లెక్కవేస్తే కాంపౌండు గృహస్థులు లక్షలమంది బయటే. మే 17న న్యూవార్క్ సభ్యుడు హాడ్కిన్సన్ ఒక సవరణ ప్రతిపాదించాడు. పార్లమెంటు పట్టణాల్లో ఈ కాంపౌండు పద్ధతినే ఎత్తివేయాలని. డిజ్రేలీ తన మంత్రివర్గ సహచరులనైనా అడగకుండా ఒప్పేసుకున్నాడు. ఆ ఒక్క సవరణతో నాలుగైదు లక్షలమందికి ఓటు హక్కు దారి తెరుచుకున్నదని చరిత్రకారుల అంచనా. వీధుల్లో రిఫారం లీగు కార్మికులు చేసిన ప్రదర్శనల ఒత్తిడి లేకుండా ఇది జరిగిందనుకోవడం పొరపాటు. ఆ మే నెల 6వ తేదీననే ప్రభుత్వం నిషేధించిన హైడ్ పార్కు సభను లక్షమందికి పైగా జనం జరిపి చూపించారు.

అయితే కథ అక్కడ ముగిసిపోలేదు. ఓటుతోపాటు పన్ను నోటీసు కూడా నేరుగా కార్మికుడి గుమ్మానికి వచ్చింది. న్యాయంగా అయితే యజమాని తాను ఇక కట్టనక్కరలేని పన్ను మేరకు అద్దె తగ్గించాలి. చాలాచోట్ల తగ్గించలేదు. అద్దెలో పాత పన్నూ, చేతిలో కొత్త నోటీసూ, రెండుసార్లు కట్టవలసి వచ్చింది. కట్టలేనివాళ్ళమీద సమన్లూ, జప్తులూ పెద్ద పట్టణాల్లో కుప్పలుగా పడ్డాయి. పౌరసత్వం మొదటిసారి కార్మికుడి ఇంటికి వచ్చినప్పుడు జప్తు బంట్రోతును వెంటబెట్టుకొని వచ్చింది. రెండేళ్ళు తిరక్కుండానే, 1869లో, పార్లమెంటు కాంపౌండు పద్ధతిని తిరిగి అనుమతించింది. ఈసారి మాత్రం ఒక వాక్యం చేర్చింది. నా దృష్టిలో విక్టోరియా యుగపు పన్ను చట్టాలన్నిటిలోనూ ఇదే అతి విలువైన మాట. ఓటు విషయంలో, యజమాని కట్టిన పన్ను అద్దెకున్నవాడు కట్టినట్లే లెక్క. అతడి పేరు పుస్తకంలో ఎక్కించాలి. డబ్బు ఎవరి చేతిమీదుగా పోయిందన్నది కాదు, ఎవరి కష్టంలోనుంచి వచ్చిందన్నది చూడాలని చట్టం ఒప్పుకోవలసి వచ్చింది.

పుస్తకంలో పేరుంటే ఏమవుతుందో మాంచెస్టరులో లిలీ మాక్స్‌వెల్ అనే దుకాణదారు నిరూపించింది. ఆమె వితంతువు, స్వయంగా పన్ను కడుతున్నది. 1867 నవంబరులో జరిగిన ఉపఎన్నికకు తయారైన ఓటర్ల జాబితాలో పొరపాటున ఆమె పేరు పడింది. పేరున్నది కాబట్టి ఎన్నికల అధికారి కాదనలేకపోయాడు. ఆమె వెళ్ళి జేకబ్ బ్రైట్‌కు ఓటు వేసింది. మరుసటి ఏడు న్యాయస్థానం స్త్రీలకు పార్లమెంటు ఓటు లేదని తేల్చింది. కాని 1869లో అదే బ్రైట్ తెచ్చిన సవరణవల్ల పన్నుకట్టే స్త్రీలకు పట్టణ ఎన్నికల్లో ఓటు వచ్చింది. 1872లో కోర్టు దానికీ హద్దు గీసింది. పెళ్ళయిన స్త్రీకి ఆ ఓటు లేదు. అంటే భర్త బతికివున్నంతకాలం ఆమె కూడా ఒక విధమైన కాంపౌండు గృహస్థే. ఇల్లు ఆమె చేతులమీద నడుస్తుంది, పుస్తకంలో పేరు మరొకరిది.

పుస్తకంలో పేరున్నవాళ్ళయినా అంతా సమానులా అంటే, కారు. 1818 నాటి చట్టం పారిష్ సభల్లో 50 పౌన్లలోపు విలువగలవాడికి ఒక ఓటూ, ఆపైన ప్రతి 25 పౌన్లకూ ఇంకొకటి చొప్పున ఆరు ఓట్ల దాకా ఇచ్చింది. పేదల సంరక్షకుల ఎన్నికల్లోనూ, 1848 ఆరోగ్య చట్టం కింద ఏర్పడిన స్థానిక బోర్డుల్లోనూ ఇదే పద్ధతి నడిచింది. ఒకే మనిషి యజమానిగా ఆరు, అనుభవదారుగా ఆరు, మొత్తం పన్నెండు ఓట్లు వేయగలిగేవాడు. సంరక్షకుల ఎన్నికల్లో 1894 దాకా ఇది పోలేదు.

ఈ ఏర్పాటుకు ఫలితం ఏమిటి? 1842లో చాడ్విక్ ఇచ్చిన నివేదిక ప్రకారం మాంచెస్టరులో పెద్దమనుషుల కుటుంబాల్లో మరణించేవారి సగటు వయస్సు 38 ఏళ్ళు, కూలివాళ్ళ కుటుంబాల్లో 17. మురుగు కాలవ వేయాలన్నా, నీళ్ళు తేవాలన్నా పన్ను పెంచాలి. పెంచవలసినవాళ్ళు చిన్న దుకాణదారులూ, పది ఇళ్ళు బాడుగకిచ్చుకునేవాళ్ళూ. కాలవలేని వీధుల్లో ఇళ్ళు వాళ్ళవే, కౌన్సిల్లో కుర్చీలూ వాళ్ళవే. బర్మింగ్‌హాంలో 1850ల్లో 'పొదుపు పార్టీ' రాజ్యమేలింది. దాని నాయకుడు జోసెఫ్ ఆల్‌డే. ఖర్చు తగ్గించే పేరుతో పట్టణ ఇంజనీరు పిగట్ స్మిత్‌ను 1857లో పంపించేశారు. పన్ను తక్కువగానే ఉంది. దాని ఖరీదును పిల్లల ప్రాణాలతో చెల్లించిన వీధుల పేర్లు మాత్రం ఏ జమాఖర్చులోనూ లేవు.

1873లో మేయరైన జోసెఫ్ ఛాంబర్లేన్ ఈ పొదుపు మతాన్ని తలకిందులు చేశాడు. మూడేళ్ళలో గ్యాసు కంపెనీలనూ, నీటి కంపెనీనీ కార్పొరేషను పరం చేశాడు. గ్యాసు లాభాలు పన్ను భారాన్ని తగ్గించడానికి పనికివచ్చాయి. ఇది గొప్ప పనే. ప్రజల సొమ్ముతో ప్రజలకు నీళ్ళివ్వడం తప్పుకాదని చూపించిన మేలు అతడిదే. కాని అతడి పట్టణాభివృద్ధి పథకం పేదల వాడలు పడగొట్టి, కార్పొరేషన్ వీధి అనే విశాలమైన అంగళ్ళ వీధిని వేసింది. అక్కడున్నవాళ్ళకు బదులు ఇళ్ళు కట్టించలేదు. వీధి మారింది, విలువ పెరిగింది, పన్ను పుస్తకంలో అంకెలు పెరిగాయి. పాత పేర్లు చెరిగిపోయాయి.

లండనులో మరొక అన్యాయం. ఏ పారిష్ పేదలను ఆ పారిష్ పోషించుకోవాలి. పేదలు లేని పడమటివైపు పన్ను తక్కువ, పేదలతో కిక్కిరిసిన తూర్పువైపు ఎక్కువ. అంటే పేదవాళ్ళను పేదవాళ్ళే పోషించాలి! 1867లో ఉమ్మడి నిధి పెట్టి కొంతా, 1894 సమీకరణ చట్టంతో కొంతా సవరించారు గాని జబ్బు కుదరలేదు. 1921లో తూర్పు లండనులోని పోప్లర్ కౌన్సిలర్లు ముప్పైమంది, జార్జి లాన్స్‌బరీతో సహా, పై సంస్థలకు కట్టవలసిన పన్ను కట్టం అని జైలుకు వెళ్ళారు. అదే ఏడు చట్టం మారింది. పల్లెటూళ్ళ సంగతి వేరు. 1896లో వ్యవసాయ భూములపై పన్ను సగానికి తగ్గించేశారు. ఈ లాభం చివరికి భూస్వాములకేనని దుమ్మెత్తిపోసినవాళ్ళలో యువకుడైన లాయిడ్ జార్జి ఒకడు. ఆ రగడలో సభనుంచి సస్పెండయ్యాడు. కూలివాడికి మాఫీ ఇస్తే ఓటు పోతుంది. భూస్వామికి మాఫీ ఇస్తే పోయేదేమీ లేదు.

ఈ పద్ధతి సముద్రం దాటి మనకూ వచ్చింది. ఊహించిన అద్దెమీద ఇంటిపన్ను, పన్ను కట్టినవాడికే పట్టణ ఓటు అనే రెండు సూత్రాలూ మద్రాసు రాజధానిలోని పురపాలక చట్టాల్లో చోటుచేసుకున్నాయి. 1882లో రిప్పన్ స్వపరిపాలన తీర్మానం చేశాడు, 1884లో జిల్లా మునిసిపాలిటీల చట్టం వచ్చింది. ఇంగ్లండులో అద్దెదారుకు 1869లో చెల్లిన న్యాయం మాత్రం ఓడ ఎక్కలేదు. ఆ తరవాత 1919లో చీరాల, పేరాల గ్రామాలను కలిపి ప్రజలు వద్దంటున్నా మునిసిపాలిటీ పెట్టినప్పుడు, నాలుగువేల రూపాయల పన్ను నలభైవేలకు ఎగబాకింది. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వంలో 1921లో జనం ఊరే ఖాళీచేసి రామనగరంలో పాకలు వేసుకున్నారు. పోప్లరు కౌన్సిలర్లు జైల్లో ఉన్నదీ ఆ ఏడే. ఒకచోట పన్ను కట్టం అన్నారు, మరొకచోట ఊళ్ళోనే ఉండం అన్నారు. అడిగింది మాత్రం ఒకటే: మమ్మల్ని అడగకుండా వేసిన లెక్క మాది ఎట్లా అవుతుంది?

దీన్నిబట్టి పన్నే చెడ్డదని ఎవరైనా అనుకుంటే నేను చెప్పింది సరిగా అందలేదన్నమాట. పన్ను తగ్గించమని గోలచేసినవాళ్ళు బర్మింగ్‌హాంలో ఎవరో చూశాం. మురుగుకాలవా, మంచినీళ్ళూ, బడీ, గ్రంథాలయమూ పన్ను లేకుండా రావు. వాటి అవసరం అందరికంటె పేదవాడికే ఎక్కువ. తేలవలసింది వేరే విషయం. భారం మోసేవాడు ఒకడూ, మోసినట్లు పేరు పొందేవాడు మరొకడూ అయినంతకాలం, ఆ పేరు మీద నడిచే పరిపాలన పేరున్నవాడి కొమ్మే కాస్తుంది. ఇంగ్లండులో పట్టణ ఎన్నికల ఓటును ఇంటితో ముడివేసిన కట్టు తెగడానికి 1945 దాకా పట్టింది. మనకు 1950 రాజ్యాంగం వయోజన ఓటు ఇచ్చింది. ఇవాళ రసీదు లేకపోయినా నాకు ఓటుంది. ఇది చిన్న విజయం కాదు.

అయినా ఆ మనస్తత్వం పోయిందా? 'పన్నులు కట్టేవాళ్ళ డబ్బు' అంటూ పేదలమీద పెట్టే ఖర్చును ఈసడించేవాళ్ళను రోజూ వింటున్నాం. గుడిసెలో అద్దెకున్న రిక్షావాడు కూడా ఇంటిపన్ను కడుతున్నాడని వాళ్ళకు తోచదు, రసీదుమీద అతడి పేరు లేదు కాబట్టి. మా ఇంటివారికి 1869 నాటి ఆ వాక్యం తెలుగులో చెప్పి చూశాను. ఆయన కాసేపు ఆలోచించి, "చట్టం ఇంగ్లండుది గదండీ" అన్నారు. రసీదు నకలు మాత్రం ఇచ్చారు.